అయిదింట ఒకటి

ఎర్బోల్ సంచిలో అన్నిటికన్నా అడుగున ఉన్ని మేజోళ్ళు పెట్టాను. వాటి మీద రెండు జతల లోపలి బట్టలు, ఆ పైన గుడ్డ మూటలో కుర్త్. ఉప్పేసి ఎండబెట్టిన ఆ పెరుగు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకుంటే చలిలో మూడు నాలుగు గంటలు ఆకలి తెలియదు. ఉడికించిన గుర్రపు మాంసం కిటికీ గట్టు మీద చల్లారుతోంది. అది కాగితంలో చుట్టి పైన పెట్టాలి. ఫ్లాస్కు పక్క జేబులో పెట్టి, తీసి, మూత బిగించి చూసి, మళ్ళీ పెట్టాను.

"అమ్మా, ఇది నాలుగోసారి," అన్నాడు ఎర్బోల్ బూట్లు తొడుక్కుంటూ. "నేను పోయేది పదిహేను రోజులకి. రైలు పట్టాలు బాగుచెయ్యడానికి. యుద్ధానికి కాదు."

"నోరు మూసుకో. గుమ్మం దాటేముందు ఏం మాటలవి?"

"వదినా, నువ్వైనా చెప్పు ఈవిడకి."

మా కోడలు జాజీరా పొయ్యిలో బొగ్గు వేస్తోంది. వెనక్కి తిరక్కుండానే, "దొరబాబుగారికి సంచి బరువైతే మాంసం ఇక్కడే వదిలెయ్యమనండి అపా. మనిద్దరం ఎలాగోలా తినిపెడదాం," అంది.

అపా అంటే అమ్మా అన్నట్టే. ఎర్బోల్‌ని ఆమె దొరబాబు అనేది. మా కజాఖుల్లో కోడలు అత్తింటివాళ్ళ పేర్లు పలకదు, తనకన్నా చిన్నవాళ్ళవైనా సరే. వచ్చిన కొత్తలోనే ఒక్కొక్కరికి ఒక పేరు పెట్టుకుంటుంది, బతికినన్నాళ్ళూ అదే పిలుపు. నాకు డెబ్బై నిండబోతున్నాయి, మా బావగారి పేరు ఇప్పటికీ నా నోట రాదు. ఆయన్ని పెద్దింటాయన అంటాను. ఇక్కడ కూడా అలాగే అంటాను.

అది 2016 నవంబరు. మా బల్ఖాష్ సరస్సు అంచులు అప్పుడే గడ్డకడుతున్నాయి. ఎర్బోల్ వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. సంచి సర్దడమంటే నాకు భయం. ఆ సంవత్సరమే మార్చిలో పెద్దకొడుకు తల్గాత్ సంచి కూడా నేనే సర్దాను. చేపలు పట్టడానికి సరస్సు మంచు మీదకి వెళ్ళాడు. సంచి ఒక్కటే దొరికింది.

ఇక ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్ళం, నెలలో సగం రోజులు ఎర్బోల్. జాజీరాకి పిల్లలు కలగలేదు. పోయినవాడి ఏడాది భోజనాలు పెట్టేదాకా కోడలు అత్తింట్లోనే ఉంటుంది. పెట్టాక పెద్దలు కూర్చుని, నీ మనసులో ఏముందమ్మా అని అడుగుతారు. ఆమె పుట్టింటికి పోవచ్చు. భర్త తమ్ముణ్ణి చేసుకుని ఉండిపోనూ వచ్చు. పూర్వం అడిగేవాళ్ళు కాదు, ఇప్పుడు అడుగుతున్నారు. నా మనసులో ఏముందో నన్నెవరూ అడగలేదు గానీ నాకు బాగా తెలుసు. జాజీరా ఉండిపోవాలి. ఎర్బోల్‌తోనైనా సరే, ఎలాగైనా సరే, ఆ పిల్ల నా ఇంట్లోంచి కదలకూడదు.

నవంబరు చివర్లో ఒక మధ్యాహ్నం ఆమె తల్గాత్ లాప్‌టాప్ తెరిచి దుమ్ము తుడిచింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అందులో పోకర్ ఆడేవాళ్ళు. చిన్న చిన్న పోటీలు. పది దేశాలవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆడే పేకాట. నాకది ఎప్పుడూ నచ్చలేదు.

"మనిషి పోయిన ఇంట్లో పేకాటేంటే?" అన్నాను.

"మీ అబ్బాయి నేర్పిందే అపా. నాకు ఆయన నేర్పింది ఇదొక్కటే. చేపలు కోయడం మీరు నేర్పారు."

అల్లిక పట్టుకుని పక్కన కూర్చున్నాను. రెండు రోజులయ్యాక అల్లిక పక్కన పడేసి కళ్ళద్దాలు పెట్టుకున్నాను.

ఆట పెద్ద కష్టమేం కాదు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో అయిదు ముక్కలు తెరుస్తారు, అవి అందరివీ. మొత్తం ఏడింటిలో మంచివి అయిదు ఎవరికి కుదిరితే వాళ్ళది గెలుపు. చేతికి వచ్చిన రెండూ మొదటే జతగా వస్తే, రెండు రాణులో, రెండు రాజులో, రెండు ఆసులో, ఇక మధ్యలో ఏం తెరిచినా కొంత బలం ఉన్నట్టే. ఎదుటివాడికి తిక్క పుట్టినప్పుడు తన దగ్గరున్న పందెం బిళ్ళలన్నీ ఒక్కసారే ముందుకు తోసేస్తాడు. అప్పుడు నువ్వూ ఉన్నదంతా పెట్టాలి, లేదంటే ముక్కలు పడేసి ఊరుకోవాలి. పెట్టి ఓడావో, ఆ పోటీలో నీ పని అయిపోయింది.

తల్గాత్ ఎక్కడో అచ్చు తీయించి తెచ్చుకున్న రష్యన్ పుస్తకం ఒకటి ఉంది, నీలం అట్టది. జాజీరాకి పుస్తకం పట్టుకుంటే ఆవలింతలు. "మీరు చదివి చెప్పండి అపా," అని నా మీద పడేసింది. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పొగబెట్టిన చేపల్ని పాత పత్రికల్లో చుట్టాను. చుట్టేముందు ప్రతి కాగితమూ చదివేదాన్ని, అలా వచ్చింది నాకు చదువు. చాలా కథలకి ఇప్పటికీ చివర తెలియదు, ఆ ముక్క ఇంకో చేపకి చుట్టుకుని పోయుండేది. అందుకని మొత్తం పుటలున్న పుస్తకం చేతికొస్తే వదలను. రోజుకో అధ్యాయం చదివి, టీ తాగేటప్పుడు ఆమెకి చెప్పేదాన్ని.

"రెండు ఆసులుండి ఎదుటివాడు మొత్తం తోసేస్తే, అయిదింట నాలుగుసార్లు నువ్వే గెలుస్తావట. రెండు రాజులుండి, వాడి దగ్గర ఒక్క ఆసుంటే, పదింట ఏడు. రెండు జాకీలుండి, వాడి దగ్గర వాటికన్నా పెద్దవి రెండు వేర్వేరు ముక్కలుంటే, ఇంచుమించు సగం సగం."

"అది ఆయనా చెప్పేవాడు. రెండు ఆసులొచ్చాక కూడా ఆలోచించేవాడు ఇంటికి పోయి పడుకోవాలి అనేవాడు."

"మరి ఆ అయిదోసారో?"

"అయిదోసారి ఓడిపోతాం అపా."

"ఎప్పుడొస్తుందది?"

"ఎప్పుడైనా రావచ్చు. మొదటిసారే రావచ్చు."

ఆ రోజు మళ్ళీ పుస్తకం తెరవలేదు. మార్చి మంచు మీదకి వెళ్ళేవాళ్ళు కూడా ఇదే లెక్క వేసుకుంటారు. పొద్దున్న గడ్డగానే ఉంటుంది, ఇన్నిసార్లు వెళ్ళాం, ఏమీ కాలేదు అనుకుంటారు. తల్గాత్ పదకొండేళ్ళు మార్చిలో వెళ్ళి తిరిగి వచ్చాడు. వాడు మూర్ఖుడు కాదు. లెక్క తప్పలేదు కూడా.

డిసెంబరులో ఎర్బోల్ ఇంట్లో ఉండగా జాజీరాకి రెండు రాజులొచ్చాయి. ఓమ్స్క్ నుంచి ఆడే ఒకడు గుడ్లగూబ బొమ్మ పెట్టుకుని ఉండేవాడు, మేం వాణ్ణి గుడ్లగూబ అనే పిలిచేవాళ్ళం. ఏ చెత్త ముక్కలొచ్చినా మొత్తం తోసేసే రకం. ఎవరు ఎప్పుడు తోస్తారో నేను ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టేదాన్ని. వాడి పేరు కింద గీతలు గీయడానికి చోటు చాల్లేదు. ఆ రోజూ తోసేశాడు. జాజీరా ఒక్క క్షణం కూడా ఆగలేదు, ఉన్నదంతా పెట్టింది. వాడు ఒక ఆసు, ఒక అయిదు తిప్పాడు. చివరి ముక్క ఆసు పడింది.

"అయ్యో, నీ రాజులిద్దరికీ పెన్షన్ ఇచ్చి పంపేశారు వదినా," అన్నాడు ఎర్బోల్.

"నవ్వు దొరబాబూ, నవ్వు. నీ చిరిగిన మేజోళ్ళు కుట్టేది కూడా నేనే."

"ఇంత బలమున్నవి పెట్టుకుని ఓడిపోయావు, పైగా హాయిగా కూర్చున్నావే!" అన్నాను.

"సరిగ్గానే ఆడాను అపా. సరిగ్గా ఆడటం వరకే మన చేతిలో ఉంది," అని లేచి పిండి కలపడానికి వెళ్ళింది. వెళ్ళేముందు లాప్‌టాప్ మూత ఎంత మెల్లగా వేసిందంటే, నిద్రపోతున్న పసిపిల్ల మీద దుప్పటి కప్పినట్టు వేసింది. ఈ పిల్ల భర్త పోయినప్పుడు కూడా ఇలాగే ఉంది. ఊరంతా రాతిగుండె అన్నారు. నేనూ ఒకటి రెండుసార్లు అనుకున్నాను. ఆ రోజు నుంచి అనుకోలేదు.

జనవరిలో చలికాలపు మాంసానికి గుర్రాన్ని కోశాక, ఆనవాయితీ ప్రకారం పెద్దింటాయన్ని భోజనానికి పిలిచాం. ఎనభై ఏళ్ళ మనిషి, ఇప్పటికీ కర్ర లేకుండా నడుస్తాడు. మాంసం ముక్కలు తన చేత్తో కోసి అందరికీ పంచి, మీసం తుడుచుకుని, అసలు సంగతి తీశాడు.

"మార్చిలో ఏడాది భోజనాలు పెడతాం. తర్వాత ఈ పిల్ల సంగతి. మనింటికి వచ్చిన పిల్ల మనింట్లోనే ఉండాలి. ఎర్బోల్ ఉన్నాడు. కాళ్ళూ చేతులూ బాగున్నాయి, తాగడు, ఉద్యోగం ఉంది."

"పళ్ళు కూడా చూడండి పెదనాన్నా," అన్నాడు ఎర్బోల్. "సంతలో గుర్రాన్ని కొనేటప్పుడు చూస్తారు కదా." నవ్వుతూనే అన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు నేను చూశాను.

జాజీరా టీ పోస్తోంది. మాలో టీ గిన్నెలో సగానికన్నా తక్కువే పోస్తారు. అతిథి తాగడం, ఇవ్వడం, మళ్ళీ పోయడం, అలా ఎంతసేపైనా సాగాలి. గిన్నె నిండా పోస్తే, ఇది తాగి ఇక లేవండి అన్నట్టు. ఆమె పెద్దింటాయన గిన్నెలో అంచుదాకా పోసింది. పొంగి ఒక చుక్క పళ్ళెంలో పడింది. రెండు చేతులతో వినయంగా అందించింది.

ఆయన గిన్నెలోకి చూశాడు.

"పిల్ల చెయ్యి వణికింది," అన్నాను నేను.

"వణికే చెయ్యి ఒలకబోస్తుందమ్మా. నింపదు," అని, గిన్నె ఎత్తి చివరి చుక్కదాకా తాగి, కోటు అడిగాడు.

మర్నాడు నూనెలో పిండి ఉండలు, బౌర్సాకులు, వేయిస్తూ అడిగాను. "ఎందుకలా పోశావు?"

"దాహంగా ఉన్నట్టున్నారని."

"జాజీరా."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు దొరబాబుకి పద్దెనిమిదేళ్ళు అపా. బడి చివరి రోజు చొక్కాకి గుండీలు నేనే కుట్టాను."

"ఇప్పుడూ కుట్టొచ్చు. గుండీలు ఊడుతూనే ఉంటాయి."

"మంచివాడు. కాస్త చెడ్డవాడైనా బాగుండేది, కాదనడం తేలికయ్యేది."

"కాదని ఎక్కడికి పోతావు? మీ అన్న ఇంట్లో ఆరుగురు రెండు గదుల్లో ఉన్నారు."

ఆమె చెయ్యి తుడుచుకుని ఫోను తెచ్చి ఒక బొమ్మ చూపించింది. తాటిచెట్లూ, రాళ్ళూ, నీళ్ళూ. బటూమి, జార్జియా దేశం. ఏప్రిల్‌లో అక్కడొక పెద్ద పోకర్ పోటీ ఉందట, మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆడేది. మార్చి మొదటి ఆదివారం ఇంటినుంచే ఆడే ఒక పోటీలో నెగ్గితే అక్కడికి టికెట్ ఇస్తారు. విమానం, బస, ప్రవేశం, అన్నీ వాళ్ళవే. ఎనిమిదిమందికి.

"నెగ్గితే పది రోజులు వెళ్ళొస్తాను," అంది. "ఆ నీళ్ళు గడ్డకట్టవు అపా. జనవరిలో కూడా."

పది రోజులు అని ఆమె అంది. నేను ఆమె ముఖం చూశాను. ఆమె నూనెలోకి చూస్తోంది.

ఫిబ్రవరిలో పుస్తకం చివరి అధ్యాయానికి వచ్చాను. ఆ పుటల అంచులు నలగలేదు, తల్గాత్ అంతదాకా రాలేదన్నమాట. అది ఇలాంటి టికెట్ పోటీల గురించే. మామూలు పోటీల్లో మొదటివాడికి ఎక్కువ, రెండోవాడికి తక్కువ, కాబట్టి బిళ్ళల కుప్ప ఎంత పెరిగితే అంత మేలు. టికెట్ పోటీలో మొదటివాడికీ ఎనిమిదోవాడికీ ఒకటే టికెట్. కుప్ప పెరిగి లాభం లేదు, పోతే మాత్రం అంతా పోతుంది. ఒక్కడు మాత్రమే బయటికి పోవాల్సి ఉన్నప్పుడు, నీకన్నా చితికినవాడు బల్ల దగ్గరుండగా, నిన్ను ముంచగలంత కుప్పున్నవాడు మొత్తం తోసేస్తే, చేతిలో రెండు ఆసులున్నా సరే, పడేసి కూర్చోమని రాసుంది. రెండుసార్లు చదివాను. అర్థమయ్యాక పుస్తకం మూసి బీరువా మీద పెట్టాను.

"ఏముంది అపా చివర్లో?" అని అడిగింది టీ దగ్గర.

"ఏముంది, మొదట చెప్పిందే మళ్ళీ చెప్పాడు," అన్నాను.

మార్చి అయిదు, ఆదివారం. సాయంత్రం ఆరింటికి మొదలైంది. ఎర్బోల్ సెలవు మీద ఉన్నాడు. బల్ల మీద గుడ్డ పరిచి, రొట్టె, వెన్న, టీ పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. మూడు వందలమందికి పైగా మొదలుపెట్టారు. భోజనం వేళకి నలభైమంది అయ్యారు. జాజీరా తిండి ముట్టుకోలేదు. రెండుసార్లు రాణుల జత వచ్చింది, రెండుసార్లూ ఎదుటివాళ్ళు తోసేస్తే ఉన్నదంతా పెట్టింది, రెండుసార్లూ నిలబడింది. ఎర్బోల్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ, "వదినా, నిన్ను చేసుకునేవాడికి ఇల్లు గడవడానికి దిగులుండదు," అన్నాడు. అని, తను ఏమన్నాడో తనకే తోచి, రొట్టె కోయడం మొదలుపెట్టాడు.

చివరికి తొమ్మిదిమంది మిగిలారు. ఒక్కరు పోతే మిగతా ఎనిమిదిమందికీ టికెట్టే. జాజీరాది నాలుగో కుప్ప. అందరికన్నా పెద్ద కుప్ప గుడ్లగూబది. అందరికన్నా చితికింది మిన్స్క్ నుంచి ఆడే ఒకామె, ఆమె బిళ్ళలు ఇంకో రెండు మూడు పంపకాలకి కూడా చాలవు.

ముక్కలు పంచారు. జాజీరాకి ఇస్పేటు ఆసు, ఆఠీను ఆసు.

గుడ్లగూబ ఉన్నదంతా తోసేశాడు.

"ఆసులు!" ఎర్బోల్ చేతిలో కత్తి కింద పడింది. "అయిపోయింది. వాడి దగ్గర చెత్త ఉంటుంది, అమ్మ పుస్తకమంతా వాడి చెత్తే. పెట్టెయ్ వదినా!"

తెర మీద ముప్పై సెకన్ల గడియారం తిరగడం మొదలైంది. జాజీరా వేలు మీట మీద ఉంది గానీ నొక్కలేదు.

"ఏదో తేడాగా ఉంది," అంది. "అపా, ఇది పెట్టాలా?"

"ఆలోచిస్తావేంటి? అన్న ఏం చెప్పేవాడు?" అన్నాడు ఎర్బోల్.

"రెండు ఆసులొస్తే ఆలోచించొద్దనేవాడు."

"మరింకేం!"

నేను గడియారం చూస్తున్నాను. ఇరవై. ఆమె పెడితే, అయిదింట నాలుగుసార్లు గెలుస్తుంది, ఎలాగూ వెళ్ళిపోతుంది. ఒక్కసారి ఓడుతుంది, ఇంట్లోనే ఉంటుంది. ఆ ఒక్కటి నాది. ఆ చలికాలమంతట్లో నాకంటూ మిగిలింది అదొక్కటే. దానికి నేను చేయాల్సింది ఏమీ లేదు, ఊరుకుంటే చాలు. ఓడితే ఎవరూ నన్ననరు. ఆమె కూడా, సరిగ్గానే ఆడాను అపా అంటుంది. తల్గాత్ చెప్పినట్టే ఆడాను అని తృప్తిపడుతుంది. పన్నెండు. ఆమె నా వైపు తిరిగింది. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు, పెదవులు ఎండిపోయున్నాయి.

"పడేయ్," అన్నాను.

"ఆసుల్నా?"

"అమ్మా, నీకు మతి పోయిందా?" అన్నాడు ఎర్బోల్.

"పడేయ్ తల్లీ. అందరికీ ఒకటే టికెట్. ఆ మిన్స్క్ ఆమె దగ్గర ఏమీ లేదు, ఆమే పోతుంది. నువ్వు ఏదీ ముట్టుకోకు, ఊరికే కూర్చో."

గడియారం మూడు దగ్గర ఉండగా నొక్కింది. రెండు ఆసులూ బోర్లా తిరిగి మాయమయ్యాయి. గుడ్లగూబ దగ్గర ఏమున్నాయో ఎప్పటికీ తెలియదు, ఎవరూ వాడితో తలపడలేదు. తర్వాతి పంపకంలో ఏమీ జరగలేదు. దాని తర్వాతి దాంట్లో మిన్స్క్ ఆమె తన చివరి బిళ్ళలు ఒక తొమ్మిది, ఒక ఏడు మీద పెట్టి ఓడిపోయింది. తెర మీద రంగు కాగితాలు రాలినట్టు బొమ్మలు వచ్చాయి. బటూమి అని రష్యన్ అక్షరాల్లో పడింది.

ఎర్బోల్ కుర్చీలో కూలబడి, "ఆసులు పడేసి గెలిచినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు.

జాజీరా నన్నే చూస్తోంది. "ఎక్కడుంది అపా ఇది?"

"పుస్తకంలో. చివర్న."

"ఎప్పుడు చదివారు?"

"ఫిబ్రవరిలో."

నెల రోజులు. ఆమె లెక్క వేసుకోవడం కనిపించింది. ఏమంటుందోనని నేను బల్లమీద గుడ్డ అంచు సరిచేస్తూ కూర్చున్నాను. ఆమె కెటిల్ అందుకుని, నా గిన్నెలో టీ పోసింది. సగానికన్నా తక్కువ పోసి, రెండు చేతులతో ఇచ్చింది. ఎర్బోల్ లేచి బొగ్గు తెస్తానని బకెట్టు తీసుకుని బయటికి వెళ్ళాడు. బకెట్టు నిండుగానే ఉంది.

మార్చి పంతొమ్మిదిన ఏడాది భోజనాలు పెట్టాం. నూటయాభైమంది వచ్చారు. అంతా అయ్యాక పెద్దింటాయన అందరి ముందూ జాజీరాని అడిగాడు, నీ మనసులో ఏముందమ్మా అని. "నాకొక ప్రయాణం ఉంది, పెద్దవారు దీవించి పంపితే వెళ్ళొస్తాను," అంది తల వంచుకుని. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. దీవెన అడిగినవాళ్ళకి కాదనడం మాలో లేదు. రెండు అరచేతులూ ఎత్తి, దారి తెల్లగా, శుభంగా ఉండాలని దీవించి, ముఖం మీదుగా చేతులు దించుకున్నాడు. మేమందరం దించుకున్నాం. నేనూ దించుకున్నాను.

ఏప్రిల్ పదకొండు పొద్దున్న స్టేషన్‌కి ముగ్గురం వెళ్ళాం. అల్మాటీదాకా రైలు, అక్కణ్ణుంచి విమానం. సరస్సు మీద మంచు విరిగి, గాలికి పలకలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు ప్లాట్‌ఫారం దాకా వినిపిస్తోంది. పొగబెట్టిన చేపలు అమ్మేవాళ్ళు రైలు పెట్టెల వెంబడి పరిగెడుతున్నారు. రైలు ఆగేది కాసేపే. జాజీరా మెట్టెక్కి, పెట్టె పైకి లాగుతూ వెనక్కి తిరిగింది.

"ఎర్బోల్, ఆ చక్రాల వైపు పట్టుకో," అంది.

ఏడేళ్ళలో మొదటిసారి పేరు పలికింది. ఆమె ఏమీ గమనించలేదు, ఆమె ధ్యాసంతా పెట్టె మీద ఉంది. ఎర్బోల్ ఒక్క క్షణం చేతులు చాచినవాడు చాచినట్టే ఉండిపోయాడు. తర్వాత వంగి చక్రాల వైపు పట్టుకుని ఎత్తాడు.

"జాగ్రత్త వదినా," అన్నాడు.

నేను విననట్టే, ఆమె కాలరు గుండీ పెట్టాను. "చేరగానే ఫోన్ చెయ్యి. అల్మాటీలో ఒకసారి, దిగాక ఒకసారి."

"చేస్తాను అపా. చలిలో నిలబడకండి, వెళ్ళిపోండి."

రెండుసార్లూ చేసింది. మూడోసారి చేసినప్పుడు వెనక అలల చప్పుడు వినిపించింది. పోటీలో రెండోరోజు బయటికొచ్చేసిందట. రెండు రాణులొచ్చాయి, ఎదుటివాడు మొత్తం తోసేశాడు, ఈమె ఉన్నదంతా పెట్టింది, వాడి దగ్గర ఒక ఆసు, ఒక రాజు. అయిదో ముక్క రాజు పడింది.

"అది టికెట్ పోటీ కాదు కదా అపా. అక్కడ పెట్టాల్సిందేగా?"

"పెట్టాల్సిందే. సరిగ్గానే ఆడావు," అన్నాను.

తర్వాత, అక్కడి ఒక హాల్లో ముక్కలు పంచే పని నేర్పుతున్నారనీ, తన చేతులు చూసి రేపటినుంచే రమ్మన్నారనీ చెప్పింది. తిరుగు ప్రయాణం టికెట్ ఏప్రిల్ ఇరవై మూడుకి ఉంది. ఆ తేదీ గురించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మే నెలలో పెద్దింటాయన వచ్చి, పిల్ల ఎప్పుడొస్తుంది అని అడిగాడు. తెలియదన్నాను. నువ్వెందుకు పోనిచ్చావు అన్నాడు. మీరే కదా దీవించింది అన్నాను, యాభై ఏళ్ళలో ఆయనకి నేనిచ్చిన ఎదురు జవాబు అదొక్కటే. ఆ ఆదివారం సాయంత్రం సంగతి ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నేను ఊరుకున్నా ఆమె బహుశా గెలిచేదే, వెళ్ళేదే అని ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకోవడానికి అది బాగానే ఉంటుంది.

జాజీరా నెలకోసారి ఫోన్ చేస్తుంది. నా మోకాళ్ళ గురించి అడుగుతుంది. 2017 ఏప్రిల్ పదకొండు, మంగళవారం ఉదయం ఆమె రైలెక్కింది. మళ్ళీ రాలేదు.